మైదానంలో దెయ్యాన్ని వెతుకుతున్న తెలుగు దర్శక నిర్మాతలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు చలనచిత్ర దర్శకులకు, రచయితలకు, నిర్మాతలకు,

నమస్కారం. ఆటల నేపథ్యంలో ఒక భయానక చిత్రం తీయాలన్న ఆలోచన మీలో కొందరికి బలంగానే ఉందని, వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో పనిచేసే మాబోటివాళ్ళ చెవిన పడుతూనే ఉంది. కథ హైదరాబాదులో ముదిరి, షూటింగు పూర్తయి, ఎడిటింగు తెగి, మిక్సింగుకు మా దగ్గరికి వచ్చేసరికి ఎవరేం చెప్పినా మార్చడానికి ఏమీ మిగలదు కనుక, కాస్త ముందుగానే ఈ లేఖ రాస్తున్నాను. నేను చెన్నైలో స్థిరపడిన తెలుగువాడిని. తలుపు కిర్రుమనడం మొదలుకొని వెన్నెముక విరగడం దాకా, తెలుగు, తమిళ దెయ్యాల సినిమాలకు కావలసిన చప్పుళ్ళన్నీ చేసిపెట్టడం నా వృత్తి. మా అక్క కొడుకు కుస్తీ నేర్చుకుంటున్నాడు కాబట్టి పోటీలు జరిగే చోట గోడవారగా కూర్చుని చూసే అలవాటు కూడా కొంత ఉంది. ఈ రెండు లోకాలూ తెలిసినవాడిగా మిమ్మల్ని కోరేది ఒక్కటే: ఆ సినిమాలో జరిగే ఘోరాన్నంతా తీసుకెళ్ళి దెయ్యం నెత్తిన రుద్ది, మనుషులను తప్పించకండి.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2025 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన ‘హిమ్’ అనే చిత్రం మీ కథాచర్చల్లో తరచు ప్రస్తావనకు వస్తోందని విన్నాను. జస్టిన్ టిప్పింగ్ దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి నిర్మాతల్లో ఒకరు జోర్డన్ పీల్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పైకి వస్తున్న ఒక కుర్రవాడికి తలమీద బలమైన దెబ్బ తగిలి, ఆడే అవకాశమే పోతుందేమో అన్న దశలో, చిన్ననాటి నుంచి అతను ఆరాధించిన మహా ఆటగాడు ఊరికి దూరంగా ఎడారిలో ఉన్న తన నివాసానికి పిలిచి శిక్షణ ఇస్తాననడం, అక్కడ గడిచే ఒక్కొక్క రోజూ ముందురోజు కన్నా వికృతంగా మారడం కథ. చూపులో ఆ సినిమాకు వంక పెట్టలేం. ఇద్దరు ఆటగాళ్ళు ఢీకొన్న క్షణంలో తెర ఎక్స్‌రే అయిపోయి, చర్మం మాయమై, పుర్రె లోపల మెదడు ఊగిపోవడం కనిపిస్తుంది. మరో దృశ్యంలో, కుర్రవాడు తనకు చెప్పిన వేగంతో బంతి విసరలేకపోయినప్పుడల్లా, బంతులు విసిరే యంత్రం ఎదురుగా నిలబడ్డ వేరే మనిషి ముఖం మీదికి బంతిని వదులుతుంది. ఆ మనిషిని ఎవరూ కట్టేయలేదు. తనకు తానుగా వచ్చి నిలబడ్డాడు. ముఖం నెత్తురు ముద్ద అవుతున్నా శిక్షణ ఆగదు, ఆపమని గట్టిగా అనేవాడూ లేడు. నా లెక్కలో ఆ సినిమా మొత్తంలో నిజంగా వణికించేది ఆ దృశ్యమే. అక్కడ మంత్రం లేదు, తంత్రం లేదు. ఒకడి ఆలస్యానికి ఇంకొకడి శరీరం ఖరీదు కడుతోంది, చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని క్రమశిక్షణ అంటున్నారు. దర్శకుడు అక్కడే కాలూని ఉంటే బాగుండేది. కాని చివరికి వచ్చేసరికి నెత్తుటి ఒప్పందాలు, క్రతువులు తెరంతా పరుచుకున్నాయి. చాలామంది విమర్శకులు సొగసు ఉంది, సారం తక్కువ అన్నారు. నా ఫిర్యాదు కొంచెం వేరు. జట్టును నడిపేవాళ్ళు క్షుద్రపూజలు చేసేవాళ్ళని చూపించిన మరుక్షణం, క్షుద్రపూజలేవీ చేయకుండా తెల్లచొక్కా వేసుకుని, లెక్కల పుస్తకం చూసుకుని, ఆటగాళ్ళ మెదళ్ళతో వ్యాపారం చేసిన అసలు మనుషులు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

ఆ అసలు కథ ఎలా ఉందో చూడండి. పిట్స్‌బర్గ్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఏళ్ళతరబడి ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్ళకే మరణించినప్పుడు, శవపరీక్ష చేసిన బెనెట్ ఒమాలు అనే వైద్యుడు ఆ మెదడును పలుచని పొరలుగా కోయించి సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, మామూలుగా ఆ వయసులో ఉండకూడని ప్రొటీన్ పేరుకుపోవడం గుర్తించారు. తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన మెదడు జబ్బు అది, సీటీఈ అంటారు. 2005లో ఆయన ఆ విషయం వైద్యపత్రికలో ప్రచురిస్తే, ఆ పోటీలు నడిపే జాతీయ ఫుట్‌బాల్ లీగు (ఎన్ఎఫ్ఎల్) నియమించిన కమిటీలోని వైద్యులు ఆ వ్యాసాన్ని ఉపసంహరించాలని పత్రికకు లేఖ రాశారు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ లీగులో ఆడి మరణించిన 111 మంది మెదళ్ళను పరీక్షిస్తే 110 మందిలో ఆ జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్ళను దానం చేసి ఉంటాయి కనుక ఆడినవాళ్ళందరికీ ఆ నిష్పత్తి వర్తిస్తుందని చెప్పకూడదు. ఆ పరిశోధకులే ఆ జాగ్రత్త చెప్పారు. అయితే కథ రాసేవాడికి అంతకన్నా పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది: ఆ జబ్బు ఉందో లేదో బతికుండగా ఖాయంగా తేల్చలేరు. మతిమరుపు వచ్చినా, కారణం లేకుండా కోపం వచ్చినా, రాత్రి నిద్ర పట్టకపోయినా, ఇది వయసు వల్లనా, దిగులు వల్లనా, లేక లోపల అది మొదలైందా అని ఆటగాడు తనను తాను అడుగుతూ ఉండాల్సిందే తప్ప జవాబు చెప్పేవాళ్ళుండరు. సినిమాలోలా మేకతల ముసుగు వేసుకున్నవాడు ఎదురైతే పారిపోవచ్చు. ఇక్కడ ఎక్కడికి పారిపోతాడు?

మారుమూల శిక్షణ శిబిరం అన్నది కూడా కల్పించాల్సిన అవసరం లేని స్థలం. అమెరికా జిమ్నాస్టిక్స్ బాలికలు టెక్సస్ అడవుల్లోని ఒక రాంచ్‌లో ఏళ్ళతరబడి శిక్షణ పొందారు. తల్లిదండ్రులకు అక్కడ ప్రవేశం లేదు. చికిత్స పేరుతో వాళ్ళపై లైంగిక దాడులు చేసిన జట్టు వైద్యుడు లారీ నాసర్‌కు 2018 జనవరిలో శిక్ష పడ్డప్పుడు, నూట యాభై మందికి పైగా స్త్రీలు కోర్టులో నిలబడి తమకు జరిగింది చెప్పారు. కఠినంగా ఉండే శిక్షకుల మధ్య మెత్తగా మాట్లాడే మనిషి అతనొక్కడే కావడం వల్లనే పిల్లలు అతన్ని నమ్మారన్న సంగతి గమనించండి. మన సినిమాల్లో ప్రతినాయకుడు తెరమీదికి రాగానే ఆర్ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, మంద్ర స్వరాలు మోగిస్తారు. ఇలాంటి మనిషికి ఆ స్వరాలు మోగించారంటే, ఆయన ప్రమాదం ఏమిటో మీకు అర్థం కాలేదనే లెక్క.

ఇక మన దేశం సంగతికి వస్తాను. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ యాభై కిలోల విభాగంలో ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి ఫైనల్‌కు చేరారు. అంతకుముందు అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరుగని జపాన్ మల్లయోధురాలు యుయి సుసాకీని ఓడించింది కూడా ఆ రోజే. బలం కోసం తిన్న తిండి, తాగిన నీళ్ళ వల్ల సాయంత్రానికి ఆమె బరువు దాదాపు 2.7 కిలోలు పెరిగింది. మర్నాడు పొద్దున మళ్ళీ తూకం. రాత్రంతా నిద్ర లేదు, చుక్క నీరు లేదు. వ్యాయామం, ఆవిరి గది, మళ్ళీ వ్యాయామం. చివరికి జుట్టు కత్తిరించారు. తెల్లవారాక 100 గ్రాములు ఎక్కువ ఉన్నారని అనర్హురాలిగా ప్రకటించి, జాబితాలో ఆఖరి స్థానానికి నెట్టారు. నియమం స్పష్టంగానే ఉంది, తూచినవాళ్ళు తప్పు తూచలేదు, వెంట ఉన్న వైద్యులు, శిక్షకులు ఆమె మేలు కోరినవాళ్ళే. అందరూ తమ పని సక్రమంగా చేస్తుండగా ఒక స్త్రీ శరీరం తెల్లవార్లూ ఎండిపోయింది. అంతకన్నా భయానకమైన రాత్రిని మీరు ఏ పాడుబడ్డ బంగళాలో చిత్రీకరించగలరు?

ఇది ఒలింపిక్స్ దాకా వెళ్ళినవాళ్ళకే పరిమితం అనుకోకండి. మా మేనల్లుడి వయసు పిల్లలు జిల్లా స్థాయి పోటీలకు ముందురోజు ఏం చేస్తారో నేను దగ్గరగా చూశాను. చెన్నై ఎండాకాలపు ఉక్కపోతలో, చొక్కా లోపల చెత్తబుట్టకు వేసే నల్లటి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, పైన స్వెట్టరు వేసుకుని గుండ్రంగా పరుగెడతారు. ఆగినప్పుడు మెట్లమీద కూర్చుని చూయింగ్ గమ్ నములుతూ, ఊరిన ఉమ్మినంతా ఖాళీ సీసాలోకి ఉమ్ముతుంటారు. ఉమ్మి కూడా బరువే కదా. పెదవులు తెల్లగా పిడచ కట్టుకుపోతాయి. పక్కన కోచ్ గారు ఎలక్ట్రానిక్ తూకం పెట్టుకుని, కోపం లేకుండా, పైగా లాలనగానే, “ఇంకో రెండు వందలు నాన్నా, అంతే” అంటుంటారు. మావాడు నా దగ్గరికి వచ్చి, “మామయ్యా, గుండు చేయించుకుంటే ఎంత తగ్గుతుంది?” అని అడిగాడు. వాడి మొహంలో భయం లేదు, బాధా లేదు, ఉత్సాహమే ఉంది. వృత్తిరీత్యా నా చెవి తూకం మీదే ఉండిపోయింది. వాడు ఎక్కి నిలబడ్డాక అంకెలు కాసేపు అటూ ఇటూ తొట్రుపడి, తర్వాత ఒకచోట నిలిచి, సన్నగా ఒక్క ‘బీప్’ వినిపిస్తుంది. ఆ బీప్‌కు ముందు పిల్లలెవ్వరూ ఊపిరి తీసుకోరు. ఇన్నేళ్ళుగా దెయ్యాల సినిమాలకు పనిచేస్తూ నేను తయారుచేసిన ఏ చప్పుడూ ఆ నిశ్శబ్దానికి సాటిరాదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

శైలి వద్దని నేను అనడం లేదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఎర్ర లైటు, పొగ, తలకిందులు కెమెరా ఏ కథకైనా అద్దెకు దొరుకుతాయి. ఆట నియమంలో నుంచి పుట్టిన శైలి ఆ ఒక్క సినిమాకే సొంతం. మన కబడ్డీనే తీసుకోండి. కూతకు వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి, ఒకే గుక్కలో కూత పెడుతూ శత్రువుల మధ్యకు వెళ్ళి, ఎవరినైనా తాకి, గుక్క తెగకముందే గీత దాటి వెనక్కి రావాలి. పోటీ ఆటలో అతనికి దక్కేది 30 సెకన్లు. సంజీవని పద్ధతిలో ఒకడు పాయింటు తెస్తే అవుటై బయట కూర్చున్న తనవాడు మళ్ళీ లేచి బరిలోకి వస్తాడు. పోయినవాళ్ళు గీత బయట వరసగా కూర్చుని, తమను బతికించేవాడి కోసం ఎదురుచూడటం ఆ ఆటలోనే ఉంది! ఇంత సరంజామా కాళ్ళ దగ్గర పెట్టుకుని, హాస్టలు బావిలో ఆత్మను దింపే అవసరం మనకెందుకు? ఒక కూతను మొదటినుంచి చివరిదాకా కట్ లేకుండా తీయండి. హాల్లో ప్రేక్షకుడు తనకు తెలియకుండానే ఆటగాడితో పాటు ఊపిరి బిగబడతాడు. అప్పుడు ఆ గుక్కను పది సెకన్లు ఆలస్యంగా తెంపాలా, అర సెకను ముందు తెంపాలా అన్నది నాబోటివాడికి వదిలేయండి. ఆర్ఆర్ మాత్రం దయచేసి ఆ ముప్పై సెకన్లూ ఆపించండి.

దెబ్బలే ఉండాలన్న నిబంధన కూడా ఏమీ లేదు. 2024 డిసెంబరులో మన చెన్నై తెలుగింటి కుర్రవాడు గుకేశ్ పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ చదరంగ విజేత అయినప్పుడు, సింగపూరులో ఆ ఇద్దరు ఆటగాళ్ళనూ శబ్దం చొరని అద్దాల గదిలో కూర్చోబెట్టారు. పద్నాలుగో ఆటలో డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలోకి జరిపి, తప్పు జరిగిందని గ్రహించిన ఆ కొద్ది క్షణాలు మన పిల్లవాడికి పండుగ, అవతలి మనిషికి ఏమిటో ఆయన ముఖమే చెప్పింది. నేను కూడా ఇంట్లో టీవీ ముందు కేకలు పెట్టినవాడినే. అయినా ఆ గాజు గదిని శబ్దం చేసేవాడి కళ్ళతో చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

2023 సెప్టెంబరులో ఢిల్లీలో రాష్ట్రస్థాయి అథ్లెటిక్ పోటీల్లో జరిగినదాన్ని పత్రికల్లో చదివే ఉంటారు. మాదకద్రవ్యాల పరీక్ష చేసే అధికారులు వచ్చారని తెలియగానే, ఎనిమిది మంది పరుగెత్తాల్సిన వంద మీటర్ల ఫైనల్లో గీత దగ్గరికి వచ్చింది ఒక్కడే. మరుగుదొడ్లలో వాడిపారేసిన సిరంజిలు దొరికాయి. ఒక జూనియర్ అమ్మాయి అయితే పందెం ముగింపు గీత దాటాక కూడా ఆగకుండా పరుగెత్తుతూనే ఉందని, పరీక్ష అధికారి ఆమె వెంట పడాల్సి వచ్చిందని రాశారు. ఏడు వరసలు ఖాళీగా ఉండగా తుపాకీ పేలి ఒక్కడు పరుగెత్తడం, ఆట అయిపోయినా ఒక పిల్ల ఆగలేకపోవడం, ఈ రెండు దృశ్యాలకు మీ రచయితలు ఒక్క డైలాగు కూడా రాయనక్కరలేదు. ఆ సిరంజి కొన్నవాడెవడు, వాడికి డబ్బిచ్చిందెవరు, పతకం వస్తే పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో వస్తుందని ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు అన్నవే మీ కథకు మిగతా సగం. ఆ పిల్లను మోసగత్తెగానో, దెయ్యం పట్టినదిగానో చూపిస్తే ఈ సగం మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది.

ఒక హెచ్చరిక మాత్రం మర్యాదగా, గట్టిగా చేయవలసి ఉంది. భయానక చిత్రాలకు ఒక పాత దురలవాటు ఉంది: మామూలుకు భిన్నమైన దేహం కనిపిస్తే దాన్నే భూతం చేస్తాయి. క్రీడల్లోకి వచ్చేసరికి ఆ అలవాటు మరీ ప్రమాదకరం. ఈ రాష్ట్రంలోనే, పుదుక్కోట్టై జిల్లాలో ఇటుకబట్టీ కూలీల ఇంట పుట్టిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచి, ఆ వెంటనే జరిపిన లింగనిర్ధారణ పరీక్ష పేరుతో ఆ పతకాన్ని కోల్పోయారు. తనకు జరుగుతున్న పరీక్ష ఏమిటో వివరంగా చెప్పేవాళ్ళు లేని గదిలో ఆమె కూర్చోవలసి వచ్చింది. ఆ ఫలితం దేశమంతా టీవీల్లో మోగిపోయింది. మీరు చూపించదగిన భయం ఆ గదిలో ఉంది, ఆ టీవీ తెరమీద ఉంది. ఆమెలాంటి క్రీడాకారిణిని ‘మలుపు’గా, ఇంటర్వెల్ ముందు బయటపడే రహస్యంగా వాడుకునే కథ ఏదైనా మీ బల్లమీద ఉంటే, దయచేసి దాన్ని పక్కన పెట్టండి. అలాంటి సినిమాకు శబ్దం చేయమని అడిగితే నేనూ, నాకు తెలిసిన మరికొందరూ ఒప్పుకోమని ఇక్కడే చెప్పేస్తున్నాను.

నిర్మాతలకు ప్రత్యేకంగా రెండు మాటలు. సిక్స్‌ప్యాక్ షాటుకు ముందు కథానాయకులు నీళ్ళు మానేసి, ఉప్పు మానేసి, కండరాలు తేలేలా ఒళ్ళు ఎండబెట్టుకోవడం మన సెట్ల మీద మామూలైపోయింది; దాని గురించి ఇంటర్వ్యూల్లో గొప్పగానూ చెప్పుకుంటున్నారు. బరువు కోసం పిల్లలు ఎండిపోవడం ఘోరం అని చెప్పే సినిమాను అదే పద్ధతిలో తీయడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఆలోచించండి. ఆటగాళ్ళుగా నటించే జూనియర్ ఆర్టిస్టులకు ఆ పని అస్సలు చెప్పవద్దు. వాళ్ళు కాదనలేరు. రెండోది సర్టిఫికెట్ సంగతి. 2023 చట్ట సవరణతో యు/ఏలో ఏడు, పదమూడు, పదహారేళ్ళ వర్గాలు విడిగా వచ్చాయి. ఈ సినిమా ఎవరికి అందాలో ఆ పిల్లలు ఎక్కువగా పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళు. పేగులు, నెత్తురు దట్టించి ‘ఏ’ తెచ్చుకుంటే వాళ్ళు హాలు బయటే ఆగిపోతారు. విరిగే ఎముకలు కావాలంటే నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి, తడిగుడ్డలో చుట్టిన ముల్లంగి, క్యారెట్లకయ్యే ఖర్చే కాబట్టి మీకు భారమూ కాదు. ఈ కథకు మాత్రం అవి ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

చివరిగా ఒక విన్నపం. విడుదలకు ముందురోజు క్రీడాకారులను పిలిచి, శాలువా కప్పి, సినిమా చూపించి, “కన్నీళ్ళు ఆగలేదు” అని వాళ్ళచేత మైకు ముందు చెప్పించే ఆనవాయితీ మనకుంది. ఆ ప్రదర్శనను ఎడిటింగు లాక్ కాకముందు, ప్రచారం వాళ్ళెవరూ లేకుండా, పోటీల్లో ఆడుతున్న పిల్లలకు, వాళ్ళ కోచ్‌లకు, ఆటనుంచి తప్పుకున్నవాళ్ళకు విడివిడిగా ఏర్పాటు చేయండి. కోచ్‌లు ఉన్న గదిలో పిల్లలు నోరు విప్పరు కాబట్టి విడివిడిగా అన్నాను. వాళ్ళు “ఇలా జరగదు” అన్నచోట కత్తిరించండి, “ఇంతకన్నా ఘోరంగా జరుగుతుంది” అన్నచోట మాకు కబురు చేయండి. ఇందుకు వడపళనిలో మా చిన్న థియేటరును ఒక ఆదివారం ఉచితంగా ఇప్పించే బాధ్యత నాది. మధ్యాహ్నం భోజనం ఖర్చు మాత్రం నిర్మాతగారిదే.

ఇట్లు,
భవదీయుడు,
చెన్నైలో సినిమా శబ్దవిభాగంలో పనిచేస్తున్న ఒక తెలుగువాడు